నలభై ఆరో సర్వర్

కంపెనీకి మొత్తం నలభై ఆరు సర్వర్లు. అందులో నలభై ఐదింటికి హెచ్చరిక పెట్టడం సమ్రీన్‌కి రెండు రోజుల పని అయింది. నలభై ఆరోది దోహా ఆఫీసులో ఆమె కూర్చున్న చోటు నుంచి అందేది కాదు. అది ఊరికి దూరంగా, ప్లాంటులుండే మెసయీద్ వర్క్‌షాప్‌లో, గ్యాస్ డిటెక్టర్లు పరీక్షించే గదిలో, గోడవారగా పడి ఉన్న పాత మిషను. దాన్ని నెట్‌వర్క్‌కి కలపలేదు. దాంట్లో ఏం మార్చాలన్నా మనిషి అక్కడిదాకా వెళ్ళి దాని ముందు కూర్చోవాల్సిందే.

చూడబోతే చిన్న పనే. ఎవరైనా సర్వర్ తెరవబోతే, పేరూ పాస్‌వర్డూ అడిగే ముందు తెర మీద నాలుగు వరసలు కనిపిస్తాయి. ఇన్నాళ్ళూ అక్కడ 'వెల్‌కమ్' అని ఉండేది. దాని కింద కంపెనీ పేరు, సర్వర్ పేరు, లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ఎన్నో వెర్షనో ఉండేవి. ఎప్పుడో పనిచేసి వెళ్ళిపోయిన ఇంజనీరెవరో సరదాకి 'హ్యావ్ ఎ గుడ్ డే' అని కూడా చేర్చాడు. అవన్నీ తీసెయ్యాలి. ఇది అనుమతి ఉన్నవాళ్ళకి మాత్రమే, ఇక్కడ చేసే ప్రతి పనీ నమోదవుతుంది, అనుమతి లేకుండా వస్తే చర్య తీసుకుంటాం, ఇందుకు ఒప్పుకోనివాళ్ళు ఇక్కడే ఆగిపోవాలి అని నాలుగు ముక్కలు ఇంగ్లీషులో పెట్టాలి.

"స్వాగతం అని బోర్డు మనమే పెట్టి, లోపలికొచ్చినవాణ్ణి దొంగంటే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు రామచంద్రరావు, ఆ పని అప్పజెప్పిన రోజు. "పైగా వెర్షన్ నంబరు కూడా రాసిపెట్టామంటే, ఏ తాళంచెవి తెచ్చుకోవాలో మనమే చెప్పినట్టు."

ఆయన ఐటీ మేనేజరు. విజయవాడ మనిషి, ఖతార్ వచ్చి పదహారేళ్ళయింది. ఎవరి మీదా గొంతు పెంచడు. సమ్రీన్‌ని ఇంటర్వ్యూ చేసి తీసుకున్నదీ, ఆగస్టులో ఆమె కాంట్రాక్టు పొడిగించాల్సిందీ ఆయనే.

జూలై పదో తారీఖు, గురువారం, ఆడిటర్లు వచ్చి కాన్ఫరెన్స్ గదిలో కూర్చున్నారు. సర్వర్ల పట్టిక ప్రింటు తీసి పట్టుకెళ్ళమన్నాడు రావు. సమ్రీన్ ఒక్కో వరసకీ ఎదురుగా టిక్ పెట్టుకుంటూ వచ్చి చివరి వరస దగ్గర పెన్ను ఆపింది.

"సార్, మెసయీద్‌ది ఇంకా కాలేదు."

"ముందు టిక్ పెట్టెయ్యమ్మా. ఆదివారం వెళ్ళి చేసేద్దువుగాని."

"ఆదివారం వ్యాన్ దొరుకుతుందో లేదో సార్."

"దొరుకుతుందిలే. ఒక్క వరస ఖాళీగా కనపడితే వాళ్ళు మిగతా నలభై ఐదూ తవ్వుతారు." ఆయన అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళిపోయి చెయ్యి చాచాడు.

సమ్రీన్ టిక్ పెట్టింది. కింద సంతకం చేసి తారీఖు వేసింది. కాయితం ఆయన చేతికిచ్చింది.

ఆదివారం వ్యాన్ దొరకలేదు. సోమవారం ఏదో బ్యాకప్ డిస్క్ చెడి రోజంతా దాంతోనే గడిచింది. మంగళవారం మధ్యాహ్నం మెసయీద్ వెళ్ళేసరికి వర్క్‌షాప్‌లో అందరూ భోజనాలకి పోయారు. తెర పక్కన పసుపు చీటీ మీద పాస్‌వర్డు రాసి అతికించి ఉంది. దాన్ని చూసి తల అడ్డంగా ఊపి, తన పని మొదలుపెట్టింది. పది నిమిషాలు పట్టింది. మిషన్ ఆపి మళ్ళీ ఆన్ చేసి, నాలుగు వరసలూ సరిగ్గా వచ్చాయో లేదో ఒకసారి చదువుకుని, ఎండ తగలకుండా గోడ నీడలో నడుస్తూ వ్యాన్ దగ్గరికి వచ్చేసింది. దాంతో ఆ పని అయిపోయిందనుకుంది.

·

ఇరవై ఒకటో తారీఖు సోమవారం పొద్దున హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. పంపింది నాదిర్. జోర్డాన్ మనిషి, సిబ్బంది మీద ఏ ఫిర్యాదు వచ్చినా ఆయన టేబుల్ మీదికే పోతుంది. మెసయీద్ వర్క్‌షాప్‌లో భూమేష్ అనే టెక్నీషియన్ పదమూడో తారీఖు ఆదివారం పదకొండూ ఇరవైకి సర్వర్ తెరిచి, అందులోంచి ఒక పేజీ ప్రింటు తీశాడట. ఆ సర్వర్ సూపర్‌వైజర్లకి మాత్రమే. తెర మీద హెచ్చరిక స్పష్టంగా ఉన్నా పట్టించుకోకుండా లోపలికి వెళ్ళినందుకు అతన్ని ఉద్యోగంలోంచి తీసేసి ఇంటికి పంపించే విషయం ఆలోచిస్తున్నారట. హెచ్చరిక ఉన్నదని ఐటీ విభాగం ఒక ఉత్తరం ఇవ్వాలి. పదో తారీఖున ఆమె సంతకం చేసిన పట్టిక నకలు కూడా జతచేసి ఉంది.

సమ్రీన్ తారీఖు రెండోసారి చదివింది. పదమూడు ఆదివారం. తను వెళ్ళింది పదిహేను, మంగళవారం. లేచి రావు గదిలోకి వెళ్ళింది.

ఆయన మెయిల్ ముందే చూశాడు. "కూర్చోమ్మా" అన్నాడు.

"సార్, పదమూడున ఆ మిషన్ మీద హెచ్చరిక లేదు. వెల్‌కమ్ అనే ఉంది."

"తెలుసు." ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఇవాళ ఉందా?"

"ఇవాళ ఉంది సార్."

"మరి ఆ ముక్కే రాయి. ఫలానా సర్వర్ మీద హెచ్చరిక ఉన్నది. అంతే. ఎప్పట్నుంచి ఉన్నదని వాళ్ళు అడగలేదు కదా? అడగని ప్రశ్నకి జవాబెందుకు?"

"కానీ ఆ మనిషి..."

"ఆ మనిషి వెళ్ళకూడని చోటికి వెళ్ళాడమ్మా. హెచ్చరిక ఉన్నా లేకపోయినా అది తప్పే. మన వల్ల కొత్తగా వచ్చిపడిందేమీ లేదు." గొంతు ఇంకా తగ్గించాడు. "ఆడిట్ సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు. ఒక్క టిక్ తప్పని తేలితే నలభై ఆరూ తప్పంటారు. నేనూ నువ్వూ ఇద్దరం ఇంటికి పోతాం. నీ మంచికే చెప్తున్నాను."

సమ్రీన్ తన టేబుల్ దగ్గరికి వచ్చి ఉత్తరం టైపు చేసింది. మూడు వాక్యాలు. చదివి చూస్తే ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పంపించింది. గంటలోపే నాదిర్ ఫోన్ చేసి థాంక్స్ చెప్పి ఇంకో సాయం అడిగాడు. బుధవారం విచారణ. ఆ టెక్నీషియన్‌ది తెలుగు. విచారణ మనిషి సొంత భాషలో జరగాలన్నది కంపెనీ నియమం. ఫిర్యాదు చేసిన సూపర్‌వైజర్ అమర్నాథ్‌కి తెలుగు వచ్చుగానీ ఫిర్యాదు చేసినవాడే అనువాదం చెయ్యడం కుదరదు. ఆమె వచ్చి చేస్తే బాగుంటుంది. రేపు వర్క్‌షాప్‌కి పోయి ఆ రోజు లాగిన్ రికార్డు కూడా తీసుకురాగలదా?

సరేనంది సమ్రీన్. కాదనడానికి కారణం ఏం చెప్పాలో ఆమెకి తోచలేదు.

సాయంత్రం వక్రాలో ఇంటికి చేరాక అతీఖ్‌కి చెప్పింది. ఆమె భర్త కళ్ళద్దాల షాపులో అద్దాలు కోసి ఫ్రేములకి బిగించే పని చేస్తాడు. పప్పులో నిమ్మకాయ పిండుతూ అంతా విన్నాడు. ఉత్తరం గురించి ఏమీ అడగలేదు. టిక్ గురించీ అడగలేదు.

"ఉస్ ఆద్మీ కా క్యా హోతా?" అన్నాడు.

ఆ మనిషికి ఏమవుతుంది? "ఇంటికి పంపిస్తరు" అంది ఆమె. అతీఖ్ తల ఊపి, నిమ్మచెక్క పళ్ళెం అంచున పెట్టి, అన్నం కలుపుకున్నాడు.

·

మంగళవారం సమ్రీన్ వర్క్‌షాప్‌కి వెళ్ళేసరికి డిటెక్టర్ల గదిలో ఒక్క మనిషే ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నీలం డ్రెస్సు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పనిబల్లకి దూరంగా స్టూలు మీద కూర్చున్నాడు. బల్ల మీద స్క్రూడ్రైవర్లు వరసగా సర్ది ఉన్నాయి. అరల్లో అరచేతిలో పట్టే పసుపుపచ్చ డిటెక్టర్లు నాలుగైదు ఉన్నాయి. ప్లాంటులోకి వెళ్ళే ప్రతివాడూ కాలర్‌కి ఒకటి తగిలించుకోవాలి. విషవాయువు తగిలితే అది కేక పెడుతుంది.

"మీరేనా కంప్యూటర్ మేడమ్?" అన్నాడు లేచి నిలబడి. "నేను భూమేష్. పని ముట్టుకోవద్దన్నరు. గందుకే కూసున్న."

"ఏ ఊరు మీది?" అంది సమ్రీన్.

"కోరుట్ల పక్క."

"నాది బోధన్."

అతని మొహం కొంచెం విప్పారింది. "అయితే మనమందరం ఒక్క దిక్కోళ్ళమే అక్కా."

సమ్రీన్ మిషన్ ముందు కూర్చుంది. తెర మీద నాలుగు వరసలూ వచ్చాయి. భూమేష్ కాస్త దూరం నుంచే మెడ సాచి చూశాడు. పెదవులు కదుపుతూ మొదటి వరస చదివి ఆగాడు.

"గీ సోదంతా ఎప్పుడు పెట్టిండ్రు? నేను పోయిననాడు వెల్‌కమ్ అని ఉండె గద."

"పోయిన మంగళవారం" అంది సమ్రీన్. ఆలోచించకుండానే అనేసింది.

భూమేష్ బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. ఆది, సోమ, మంగళ. రెండోసారి కూడా లెక్కపెట్టాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"ఎవరు పెట్టిండ్రు?"

"నేనే."

"అయితే మీకు ఎర్కనే."

గది పైకప్పులో ఏసీ ఎక్కడో నీళ్ళు కారుస్తోంది. సమ్రీన్ లాగిన్ రికార్డు తెరిచి, పదమూడో తారీఖు వరస వెతికి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. అతను ఇంకా ఏదో అడుగుతాడనీ, బతిమాలుతాడనీ ఎదురుచూసింది. అడిగితే ఏం చెప్పాలో కూడా కూర్చుకుంటోంది. అతను వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంతకీ లోపలికి ఎందుకు పోయిన్రు?" చివరికి ఆమే అడిగింది.

"నా పేరు సూసుకుందామని పోయిన."

అతను అంతకుమించి చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుంటుంటే అతను లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎండ మస్తున్నది అక్కా. నీడ దిక్కునుంచి పొండ్రి" అన్నాడు.

·

విచారణ జరిగింది వర్క్‌షాప్ పక్కన ఉన్న క్యాబిన్‌లో. టేబుల్‌కి ఒక పక్క నాదిర్, ఆయన పక్కన రావు. ఎదురుగా భూమేష్. ఆ చివర అమర్నాథ్. కాకినాడ మనిషి, యాభై దాటినవాడు, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. ఎవరి వైపూ చూడకుండా తన ఫైలు అంచులు సరిచేసుకుంటున్నాడు. సమ్రీన్ కుర్చీ భూమేష్ పక్కనే వేశారు. నాదిర్ ఫోన్ టేబుల్ మధ్యలో పెట్టి రికార్డింగ్ నొక్కాడు.

"ఇవాళ మనం చూసేది ఒక్కటే విషయం" అన్నాడు ఇంగ్లీషులో. "అనుమతి లేకుండా సర్వర్ తెరవడం. మిగతా సంగతులేమన్నా ఉంటే వేరే చూస్తాం. అది అతనికి చెప్పండి."

సమ్రీన్ చెప్పింది. భూమేష్ తల ఊపాడు.

పదమూడున సర్వర్ తెరిచావా? తెరిచిన. ఎవరి పాస్‌వర్డుతో? తెర పక్కన చీటీ మీద ఉన్నదాంతో, వర్క్‌షాప్‌ల అందరికీ అదే. ప్రింటు తీశావా? తీసిన. ఎవరికిచ్చావు? మన కంపెనీ సేఫ్టీ ఆఫీసర్‌కు ఇచ్చిన, ఆయన అది తెచ్చి అమర్నాథ్ సార్ చేతులనే పెట్టిండు. సమ్రీన్ ఒక్కో జవాబూ ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులోకి మార్చింది. నాదిర్ రాసుకున్నాడు.

"తెర మీద హెచ్చరిక చూశావా?"

సమ్రీన్ భూమేష్ వైపు తిరిగింది. ఆ ప్రశ్న తెలుగులో అడగడానికి ఆమెకి మామూలుకన్నా కొంచెం ఎక్కువసేపు పట్టింది.

"వార్నింగ్ లేకుండె" అన్నాడు భూమేష్. అతను ఆమె వైపు కాదు, నాదిర్ వైపు చూస్తున్నాడు. "వెల్‌కమ్ అని ఉండె. కింద గుడ్ డే అని సుత ఉండె."

హెచ్చరిక ఎప్పుడు పెట్టారో ఎవరు పెట్టారో అతను చెప్పలేదు. నిన్న ఈ అక్క నాతో ఇట్లా అన్నదనీ చెప్పలేదు. సమ్రీన్ అతని రెండు వాక్యాలూ ఇంగ్లీషులోకి మార్చింది.

నాదిర్ కనుబొమలు ముడిచి ఫైల్లోంచి ఆమె ఉత్తరం తీశాడు. దాని పక్కన టిక్కుల పట్టిక పెట్టాడు. "మీరేమో హెచ్చరిక ఉంది అని రాశారు. ఇక్కడ పదో తారీఖున సంతకం కూడా చేశారు. అతను అబద్ధమాడుతున్నాడా?"

రావు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అమర్నాథ్ ఫైలు సర్దడం మానేశాడు. అతనికి జ్ఞాపకం లేదేమో అని ఒక్క మాట అంటే చాలు. అబద్ధం కూడా కానక్కర్లేదు. సమ్రీన్ రెండు చేతులూ టేబుల్ మీద పెట్టింది.

"అతను చెప్పింది నిజం" అంది. "నేను రాసిన ఉత్తరంలో హెచ్చరిక ఉంది అనే రాశాను. అది ఇప్పటి సంగతి. నేను దాన్ని పెట్టింది పదిహేనున, మధ్యాహ్నం రెండూ నలభైకి. ఆ ఫైలు తెరిస్తే టైము కూడా కనిపిస్తుంది. పదమూడున వెల్‌కమ్ అనే ఉంది. పదో తారీఖున నేను పెట్టిన టిక్ తప్పు."

ఎవరు పెట్టమన్నారని నాదిర్ అడగలేదు. ఆమె చెప్పలేదు. రావు తుడిచిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

నాదిర్ పెన్ను టేబుల్ మీద రెండుసార్లు తట్టాడు. "సరే. ఒక్క ప్రశ్న అడగండి. హెచ్చరిక ఉండి ఉంటే ఆగేవాడివా?"

సమ్రీన్‌కి ప్రాణం కొంచెం తేలికపడింది. ఆగేవాణ్ణి అంటే కథ అక్కడితో ముగుస్తుంది. ఫిర్యాదు మొత్తం నిలబడింది ఆ నాలుగు వరసల మీదే. "భూమేష్ గారూ, వార్నింగ్ ఉండి ఉంటే మీరు ఆగుదురా?" అని నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"ఎందుకు ఆగుత అక్కా?" అన్నాడతను. "ఉన్నా పోతుంటి. నేను చెయ్యని పని నా పేరు మీద రాసిండ్రు. నా పేరు నేను సూసుకోవద్దా?"

టేబుల్ చివర అమర్నాథ్ తలెత్తాడు. నాదిర్ జవాబు కోసం సమ్రీన్ వైపు చూస్తున్నాడు. గదిలో తెలుగు అర్థమైన మిగతా ఇద్దరూ కూడా ఆమె వైపే చూస్తున్నారు. ఆగేవాడినంటున్నాడు అని ఆమె చెబితే, రావు ఎలాగూ నోరు విప్పడు. అమర్నాథ్ విప్పితే, ఫిర్యాదు చేసినవాడి మాటని తోసేస్తారు. భూమేష్‌కి కావలసినంత ఇంగ్లీషు రాదు.

"ఉన్నా వెళ్ళేవాణ్ణి అంటున్నాడు" అంది సమ్రీన్. "తను చెయ్యని పని తన పేరు మీద రాశారట. తన పేరు తను చూసుకోవద్దా అని అడుగుతున్నాడు."

"ఒప్పుకున్నాడు సర్" అన్నాడు అమర్నాథ్ ఇంగ్లీషులో. "విన్నారు కదా, అతనే ఒప్పుకున్నాడు."

నాదిర్ చెయ్యెత్తి ఆపాడు. తను రాసుకున్నదాన్ని ఒకసారి చూసుకుని పెన్ను పక్కన పెట్టాడు.

"ఏం పని?" అన్నాడు. "అతని పేరు మీద ఏం రాశారు?"

భూమేష్ చెప్పడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు, ఆమె ఇంగ్లీషులోకి మార్చేదాకా ప్రతి వాక్యం దగ్గరా ఆగాడు. డిటెక్టర్లు ఆరు నెలలకోసారి టెస్ట్ గ్యాస్ వదిలి పరీక్షించాలి. అది తన పని. పరీక్షించినదానికి తనే స్టిక్కర్ మీద తారీఖు రాసి అంటిస్తాడు. పదమూడో తారీఖుకి ముందురోజు ఒక వెల్డర్ ఏదో సందేహముండి డిటెక్టర్ పట్టుకొచ్చాడు. స్టిక్కర్ మీద తారీఖు కొత్తదే. రాత మాత్రం తనది కాదు. గందుకే సర్వర్ తెరిచి చూస్తే, ఆ ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ ఒక్క తారీఖున పరీక్షించినట్టు, తనే పరీక్షించినట్టు.

"టెస్ట్ గ్యాస్ సిలిండర్ అయిపోయి ఆ తారీఖుకే పది రోజులైంది. కొత్తది ఇంక రాలే. స్టోర్ల అడిగితే చెప్తరు. గ్యాస్ లేకుండ నేనెట్ల టెస్ట్ జేస్త?"

"మొత్తం ఎన్ని?" అన్నాడు నాదిర్.

"ముప్పై ఒకటి."

"ఇప్పుడవి ఎక్కడున్నాయి?"

సమ్రీన్ అడిగింది. భూమేష్‌కి ఆ ప్రశ్న వింతగా తోచినట్టుంది. తన కాలర్ చూపుడువేలితో ముట్టుకున్నాడు.

"మనుషుల మీద ఉన్నయి" అన్నాడు.

సమ్రీన్ ఆ మూడు మాటలూ ఇంగ్లీషులోకి మార్చింది. క్లయింట్ ఆడిట్ నెత్తి మీదికొచ్చిందనీ, సిలిండర్ రేపోమాపో వస్తుందని స్టోర్ వాళ్ళు అన్నారనీ, రాగానే నిజంగానే పరీక్షించేద్దామనుకున్నాననీ అమర్నాథ్ చెబుతున్నాడు. అతని మాటల్లో ఒక్కటి కూడా సమ్రీన్‌కి కొత్తగా వినిపించలేదు. నాదిర్ టేబుల్ మధ్యలో ఉన్న ఫోన్ వైపు ఒకసారి చూశాడు. రికార్డింగ్ ఆపలేదు.

·

తర్వాత జరిగినవి చప్పుడు లేకుండా జరిగాయి. గురువారం భూమేష్‌కి ప్రింటు తీసినందుకు మందలింపు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం పోలేదు. అమర్నాథ్‌ని విచారణ తేలేదాకా ఇంట్లో ఉండమన్నారు. సమ్రీన్‌కి తప్పుడు టిక్ పెట్టినందుకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. దాని కింద రావు సంతకం ఉంది. రెండేళ్ళకి పొడిగిస్తారనుకున్న కాంట్రాక్టు ఆరు నెలలకే పొడిగించారు. ఆ కాయితం ఇచ్చేటప్పుడు రావు తలెత్తలేదు.

"ఆడిటర్లకి నేనే ఫోన్ చేసి చెప్పానమ్మా, ఒకటి ఆలస్యమైందని" అన్నాడు.

"ఏమన్నారు సార్?"

"సరే, రాసుకున్నాం అన్నారు." ఆయన కిటికీ వైపు చూశాడు. "అంతే అన్నారు."

ఆదివారం పొద్దున ఆమె మళ్ళీ మెసయీద్ వచ్చింది. అందరూ వాడే ఆ పాస్‌వర్డు తీసేసి, వర్క్‌షాప్‌లో ప్రతివాడికీ సొంత పేరు మీద లాగిన్ పెట్టాలి. పసుపు చీటీ పీకి చెత్తబుట్టలో వేసింది. భూమేష్ పనిబల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ముందురోజే కొత్త సిలిండర్ వచ్చింది. ముప్పై ఒక్క డిటెక్టర్లూ ప్లాంటు నుంచి వెనక్కి తెప్పించారు. ఒక్కోదాన్నీ చిన్న ప్లాస్టిక్ కప్పు కింద పెట్టి, సిలిండర్ నాబ్ తిప్పి, గడియారం చూస్తున్నాడు. పనిచేసేదయితే క్షణాల్లో ఎర్రదీపం వెలిగి, వణికి, చెవులు చిల్లులు పడేలా కేక పెడుతుంది. దాన్ని ఎడమవైపు పెడుతున్నాడు. పలకనిదాన్ని ఇంకోసారి, ఇంకోసారి, మూడుసార్లు చూసి, ఎర్ర టేపు చుట్టి కుడివైపు పెడుతున్నాడు.

సమ్రీన్ తన పని ముగించేసరికి అతనిది కూడా అయిపోయింది. నాబ్ బిగించి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"తొమ్మిది సచ్చినయి అక్కా" అన్నాడు.

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. కుడివైపు తొమ్మిది వరసగా ఉన్నాయి. ఎర్ర టేపు లేకపోతే వాటికీ మిగతావాటికీ ఏ తేడా లేదు. అదే పసుపు రంగు, అదే చిన్న అద్దం, అద్దంలో అదే సున్నా.

తలుపు తీసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. గెడ్డం నెరిసింది, భుజాన పరంజా కట్టేవాళ్ళ బెల్టు. పేరు ఖాసీం అని జేబు మీద కుట్టి ఉంది. "నాది అయిందా తమ్మీ? బస్సు పోతున్నది" అన్నాడు.

భూమేష్ నంబర్ చూసి, కుడివైపు వరసలోంచి ఒకటి తీశాడు. దాన్ని ఖాసీం చేతికివ్వలేదు. బల్ల మీదే ఇటు జరిపి చూపించాడు. "ఇది సచ్చిపోయింది కాకా. ఎప్పుడు సచ్చిందో తెల్వది. గ్యాస్ వదిలితే మొత్తుకుంటలేదు."

ఖాసీం వంగి ఎర్ర టేపు చూశాడు.

"పోయిన సోమవారం దీన్నే పెట్టుకొని ట్యాంక్ లోపటికి దిగిన" అన్నాడు. "మేం నలుగురం."

భూమేష్ ఎడమవైపు వరసలోంచి ఇంకొకటి తీసి, రిజిస్టర్‌లో నంబరు మార్చి, ఆయన చేతిలో పెట్టాడు. ఖాసీం దాన్ని వెంటనే తగిలించుకోలేదు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఒర్లుతదా?"

"నొక్కి సూడు కాకా."

ఖాసీం బటన్ నొక్కాడు. గది మొత్తం ఆ కేకతో నిండిపోయింది. సమ్రీన్ చెవుల దాకా ఎత్తిన చేతుల్ని దించేసుకుంది. బయట బస్సు హారన్ కొడుతోంది. ఖాసీం బటన్ మీది నుంచి వేలు తియ్యలేదు.